బంగారం లేని కంసాలి వీధి

చింతలపూరు కంసాలి వీధి మురుగుకాలవలో బంగారం ఉందన్న సంగతి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నగలు చేసేటప్పుడు రాలిన రజను, ఆకురాయి పెట్టినప్పుడు ఎగిరిన పొడి, కడిగినప్పుడు జారిన నలుసు అన్నీ ఏళ్ళ తరబడి ఆ కాలవలోకే చేరుతున్నాయి. ఏటా వేసవిలో మునిసిపాలిటీ వారు ఆ బురదను వేలం వేసేవారు. జలగడుగు పనివాళ్ళు వచ్చి పాడుకుని, చిప్పల్లో కడుక్కుని, దొరికింది పట్టుకుపోయేవారు. ఎక్కువ దొరికిన ఏడు నవ్వుకుంటూ, తక్కువ దొరికిన ఏడు మునిసిపాలిటీని తిట్టుకుంటూ వెళ్ళేవారు. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎవరికీ ఇబ్బంది లేని ఏర్పాటును చూస్తూ ఊరుకోవడం ప్రభుత్వానికి మర్యాద కాదు గనక, ఆ ఏడు రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది. బురదలో బంగారం ఎంతుందో శాస్త్రీయంగా తేల్చిన మీదటే వేలం జరగాలి.

తేల్చవలసిన బాధ్యత ఊరి చివరనున్న రాష్ట్ర విలువైన లోహాల పరీక్షా కేంద్రం మీద పడింది. అందులో మందాకిని సైంటిఫిక్ ఆఫీసర్. ఆమె చేతికింద స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉంది. బురదను ఆమ్లంలో కరిగించి, వడకట్టి, తుంపరలుగా చేసి, మహా వేడి మంటలోకి ఊదితే, అందులోని ప్రతి లోహమూ తనదైన రంగులో వెలుగుతుంది. బంగారం వెలుగు ఎంతో యంత్రం చెబుతుంది. కానీ ఎంత వెలుగుకు ఎంత బంగారమో దానికి పుట్టుకతో తెలియదు. మనమే నేర్పాలి. ఇదిగో ఇందులో ఇంత కలిపాను చూసుకో, ఇందులో దానికి రెట్టింపు కలిపాను చూసుకో అని ముందుగా చూపించాలి. ఈ పాఠం చెప్పడాన్నే కాలిబ్రేషన్ అంటారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, శుభ్రమైన నీళ్ళతో పాఠం నేర్చుకున్న యంత్రం కంసాలి వీధి మురుగు ముందు తడబడిపోతుంది. అందులో ఇనుము, రాగి, వెలిగారం, కుంకుడురసం, సబ్బు, టీపొడి, కిళ్ళీ ఉమ్ము ఒకదాని మీద ఒకటి పడి బంగారం వెలుగును ఒకసారి పెంచి చూపిస్తాయి, ఒకసారి మింగేస్తాయి.

మందాకిని పద్ధతిగా చదువుకున్న మనిషి. పద్ధతిగా ఒక నోట్ రాసింది. దారులు రెండున్నాయంది. అసలు బురదలోనే తెలిసినంత బంగారాన్ని కాస్త కాస్తగా కలుపుతూ, వెలుగు ఎంతెంత పెరిగిందో చూసి, వెనక్కి లెక్కకట్టుకోవడం మొదటిది. దానికి ఒక మధ్యాహ్నం చాలు. బంగారం లేని బురద సంపాదించి, దానితో యంత్రానికి పాఠం చెప్పడం రెండోది. అక్కడితో ఆపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. చదువుకున్న చెయ్యి ఊరుకోలేదు. చివర్లో ఒక వాక్యం తగిలించింది. ‘సదరు బురద, బంగారం విషయంలో తప్ప మిగతా అన్ని విషయాల్లోనూ అసలు బురదను పోలి ఉండవలెను.’

డైరెక్టర్ డాక్టర్ గజపతి గారికి మొదటి దారి చదవగానే నీరసం వచ్చింది. ఒక మధ్యాహ్నంలో తేలిపోయే పనికి డైరెక్టర్ ఎందుకు, సమీక్షా సమావేశాలెందుకు? అయినా న్యాయంగా ఉండాలని ఆడిట్ అధికారిని పిలిపించి అభిప్రాయం అడిగారు.

ఆడిట్ అధికారి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “బంగారం ఎంతుందో తెలుసుకోడానికి బంగారం కలుపుతారా?”

“అవునండీ. తెలిసినంతే కలుపుతాం,” అంది మందాకిని.

“పాలల్లో నీళ్ళెన్నో తెలుసుకోడానికి నీళ్ళు కలుపుతామా అమ్మా? కల్తీని పట్టుకోవలసిన సంస్థ, తానే కలిపితే ఎలా?”

“కలిపింది ఎంతో మనకు తెలుసు కదండీ. లెక్కలో తీసేస్తాం.”

“తీసేసేదాన్ని కలపడం ఎందుకు?” అన్నాడాయన. ఈ ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు మినిట్స్‌లో రాలేదు. ‘సభ్యులు ఏకగ్రీవంగా మొదటి పద్ధతిని తిరస్కరించినారు’ అని మాత్రం వచ్చింది.

ఇక బంగారం లేని బురద కోసం వేట మొదలైంది. కూరగాయల మార్కెట్ కాలవ నుంచి తెస్తే అందులో వెలిగారం లేదన్నారు. ఇత్తడి సామాను వాళ్ళ వీధి నుంచి తెస్తే కుంకుడురసం లేదన్నారు. హాస్పిటల్ కాలవ సంగతి ఎత్తితే డైరెక్టర్ గారు ముక్కు మూసుకుని వద్దన్నారు. మందాకిని నోట్‌లోని ఆఖరి వాక్యం కింద ఆయన ఎర్రసిరాతో గీత గీసి ఉంచారు. ఎవరేం తెచ్చినా ఆ గీత చూపించేవారు.

“ఇలా కాదమ్మా మందాకినీ,” అన్నారు చివరికి. “కంసాలి వీధి మురుగును అన్ని విషయాల్లో పోలి ఉండే మురుగు కంసాలి వీధిలోనే పుడుతుంది. కనక మనకు కావలసింది బంగారం లేని కంసాలి వీధి.”

“అలాంటిది ఉండదు కదా సార్.”

“ఉండదు. కడతాం.”

సార్ వేళాకోళమాడుతున్నారనుకుని మందాకిని నవ్వింది. నవ్వింది తానొక్కతేనని కాసేపటికి గ్రహించి, నవ్వు ఆపేసింది.

పరీక్షా కేంద్రం వెనక ఖాళీ స్థలంలో వీధి లేచింది. అసలు వీధి ఎంత వెడల్పో అంతే వెడల్పు. అసలు కాలవ ఎటు వాలి ఉందో అటే వాలు. అక్కడ మూడో కొట్టు ముందు పలక విరిగి ఉంటే, ఇక్కడా కొత్త పలక తెచ్చి విరగ్గొట్టారు. దానికి ‘నిస్సువర్ణ ప్రమాణ వీధి’ అని నామకరణం చేశారు. పలకడానికి ఇబ్బందిగా ఉందని సిబ్బంది అంటే, ప్రమాణాలన్నవి పలకడానికి కావన్నారు డైరెక్టర్ గారు.

వీధి ఉంటే చాలదు, కంసాలులు కావాలి. ‘నిర్బంగార స్వర్ణకారుడు, గ్రేడ్ టూ’ అని ఉద్యోగ ప్రకటన పడింది. ఇంటర్వ్యూకి మొదట వచ్చింది సోమలింగాచారి. అరవై దాటిన మనిషి. ముత్తాతల నాటి నుంచి కంసాలి వీధిలోనే ఆ కుటుంబం పని. ఊళ్ళో సగం ఇళ్ళ పుస్తెలు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే.

“మీరు బంగారం లేకుండా బంగారపు పని చేయగలరా?” అనడిగారు డైరెక్టర్ గారు గంభీరంగా.

“ఇప్పుడు చేస్తున్నదదే కదండీ,” అన్నాడు సోమలింగాచారి. “పెద్ద పెద్ద షోరూములొచ్చాక మా గుమ్మం ఎక్కేదెవరండీ? పొద్దున్నే కుంపటి రాజేస్తన్నాను, సాయంత్రం ఆర్పేస్తన్నాను. మధ్యలో చేసేదేం లేదు. ఆ లేనిదానికి మీరు జీతమిస్తానంటే కాదంటానేటండి?”

ఈ జవాబు బోర్డు సభ్యులకు బాగా నచ్చింది. అనుభవం అనే గళ్ళో పూర్తి మార్కులు వేశారు. సోమలింగాచారి వెంట వీధి వీధంతా వచ్చి చేరింది. ఆయన తన పాత కొట్టును సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడికి అద్దెకిచ్చేశాడు. చేరేముందు అందరి చేతా ఒక షరతు మీద సంతకం పెట్టించారు. వీధిలోకి ఆవగింజంత బంగారం తెచ్చినా ఉద్యోగం పోవడమే కాదు, ‘ప్రభుత్వ శూన్యానికి భంగం కలిగించిన’ నేరం కింద జైలు కూడా. సోమలింగాచారి కళ్ళజోడు లేక చదవలేదు. మందాకిని చదివి వినిపించింది.

“మా దగ్గర లేందే కదమ్మా అది, తేవడానికి,” అని నవ్వి ఆయన సంతకం పెట్టాడు.

పని మొదలైంది. పదింటికి కంసాలులు వచ్చి కుంపట్లు రాజేసేవారు. ఊదుగొట్టంతో ఊదేవారు. ఖాళీ మూసలో వెలిగారం వేసి కరిగించేవారు. పట్టకారుతో ఏమీ లేని చోటును పట్టుకుని దాకలి మీద పెట్టి సుత్తితో కొట్టేవారు. చేయని నగను కుంకుడురసంలో కడిగి, ఆ నీళ్ళు కాలవలో పారబోసేవారు. అయిదింటికి హాజరు వేసుకుని ఇళ్ళకు పోయేవారు. మొదటివారంలో ఒకాయన సుత్తి వేలి మీద వేసుకున్నాడు. కొట్టడానికి ఏమీ లేనప్పుడు వేలెలా దెబ్బతిందని విచారణ జరిగింది.

మురుగు తీసుకెళ్ళి మందాకిని పరీక్షిస్తే అసలు మురుగుతో పోలిక కుదరలేదు. అందులో టీపొడి తక్కువ. వీధి మొదట్లో టీ బంకు పెట్టించారు. కిళ్ళీ తక్కువ. కిళ్ళీ కొట్టు పెట్టించి, ఉమ్మేవాళ్ళను రోజుకూలీకి తీసుకున్నారు. మట్టి, ధూళి ఇంకా తక్కువగానే తేలాయి.

“గిరాకీ లేదు కదా సార్, అందుకే,” అంది మందాకిని. అని నాలిక్కరుచుకుంది.

“అదీ!” అని డైరెక్టర్ గారు బల్ల చరిచారు. “మురుగంటే వట్టి రసాయనం కాదమ్మా. అదొక సామాజిక పదార్థం. బేరాలు లేని చోట మురుగుకు పరిపూర్ణత రాదు.”

మర్నాటి నుంచి బేరమాడేవాళ్ళను నియమించారు. వాళ్ళు గుంపులుగా వచ్చి, చెప్పులు గుమ్మంలో దులిపి, లేని వడ్డాణం చూసి లేని తరుగు గురించి గొడవపడేవారు. తరుగు మరీ ఎక్కువేస్తున్నావయ్యా అని ఒకావిడ అరిస్తే, నిన్నటి రేటుకైతే వేరే కొట్టుకి వెళ్ళమ్మా అని కంసాలి విసుక్కునేవాడు. వాళ్ళలో కొందరు పనిలో లీనమైపోయి, సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా ఆ కంసాలి గురించి చెడ్డగా చెప్పుకునేవారు.

బంగారం మాత్రం లోపలికి రాకూడదు. గేటు దగ్గర అప్పలకొండ అనే కాపలా మనిషిని పెట్టారు. ఉద్యోగినులు గేటు దగ్గరే గాజులూ గొలుసులూ తీసి పెట్టెలో వేసేవారు. పుస్తెల దగ్గర పేచీ వచ్చింది. మెడ బోసిగా ఉంచడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి అందరూ పసుపుకొమ్ము కట్టుకుని లోపలికి వెళ్ళాలని రాజీ కుదిరింది. తీరా చూస్తే అప్పలకొండ నోట్లోనే బంగారు పన్ను ఒకటుంది. పీకించడానికి నిధులు లేవు. డ్యూటీ సమయంలో నోరు మూసుకుని ముక్కుతో మాత్రమే నవ్వవలసిందని మెమో ఇచ్చారు.

ఇంతా చేసి మురుగును పరీక్షిస్తే అందులో బంగారం వెలుగు పల్చగా కనిపించింది. డైరెక్టర్ గారి ముఖం మాడిపోయింది. మందాకిని ఆలోచించి, కంసాలుల పాత పనిముట్లలో తరాలనాటి రజను ఇరుక్కుని ఉందని తేల్చింది. పనిముట్లు మార్పించారు. అయినా వెలుగు పోలేదు. బట్టలు మార్పించారు. చివరికి జుట్టులో ఉందేమోనని, ప్రభుత్వ ఖర్చుతో అందరికీ గుండ్లు చేయించారు. సోమలింగాచారి భార్య సూరమ్మ గుమ్మంలో ఆయన్ను చూసి ఎవరో సన్నాసి బిచ్చానికొచ్చాడనుకుని, వెళ్ళిరా నాయనా అంది.

ఆ తరువాత యంత్రం నికార్సుగా సున్నా చూపించింది. కేంద్రమంతా పండగ చేసుకుంది. ‘సున్నా సాధించాం’ అని గేటు మీద బ్యానర్ కట్టారు. ఇంత భారీ స్థాయిలో ఏమీ లేకుండా చేయడం దేశంలో ఇదే ప్రథమమని డైరెక్టర్ గారు ఉపన్యసించారు. మందాకినికి శాలువా కప్పారు. అందులో జరీ ఉందేమోనని మళ్ళీ లాక్కున్నారు.

ఈ సంబరంలో పడి, అసలు కంసాలి వీధి బురద తెమ్మని మనిషిని పంపడం మూడు నెలలు మరిచిపోయారు. ఎట్టకేలకు తెప్పించి చూస్తే అందులో బంగారం దాదాపు లేదు. ఉండమంటే ఎలా ఉంటుంది? కంసాలులంతా ఇక్కడున్నారు. అక్కడ సెల్‌ఫోన్ కవర్లూ, మొక్కజొన్న కండెలూ అమ్ముతున్నారు. వానలకు పాత బురదంతా గోదాట్లోకి కొట్టుకుపోయింది. కొలవవలసినదే పోయిందే అని మందాకిని తల పట్టుకుంటే, డైరెక్టర్ గారు ఆమెను ఓదార్చారు. “కొలిచే వస్తువు రావచ్చు, పోవచ్చమ్మా. ప్రమాణం మాత్రం స్థిరంగా ఉండాలి.”

ఆ ప్రమాణమే స్థిరంగా లేదు. వారం వారం నిస్సువర్ణ వీధి మురుగును పరీక్షిస్తున్న మందాకినికి సున్నా పోయి నలుసంత వెలుగు కనబడింది. మరో వారానికి ఇంకాస్త పెరిగింది. ఆ తరువాత పూర్తిగా పోయింది. మళ్ళీ వచ్చింది. యంత్రం పాడైందేమోనని విప్పి తుడిచింది. ఆడిట్ వారు వద్దన్న మొదటి పద్ధతిలో కూడా, ఎవరూ చూడకుండా తలుపేసుకుని, కొలిచింది. జవాబు అదే. నెలల తరబడి పోగైన అంకెలన్నీ ముందేసుకుని కూర్చుంటే, ఎదురుగా గోడ మీద క్యాలెండర్ కనబడింది. ముహూర్తాలున్న వారాల్లో బంగారం పెరుగుతోంది. మూఢం రాగానే సున్నా అయిపోతోంది.

ఆమె పంచాంగం తెప్పించుకుని తరువాతి ముహూర్తం ఎప్పుడో చూసుకుంది. పెద్ద ముహూర్తం ముందురోజు మధ్యాహ్నం, భోజనాల వేళ చూసి వీధిలోకి వెళ్ళింది. బేరమాడేవాళ్ళు వేపచెట్టు కింద క్యారేజీలు విప్పుకుంటున్నారు. సోమలింగాచారి కొట్లో మాత్రం కుంపటి రగులుతోంది. ఆయన ఎదుట పసుపూ కుంకుమా పెట్టిన పళ్ళెం ఉంది. పక్కన ఒక పెద్దావిడా, కొత్త చీర కట్టుకున్న ఒక ఆడపిల్లా కూర్చుని ఉన్నారు. దాకలి మీద ఈసారి ఏమీ లేని చోటు లేదు. చిన్న పుస్తె ఒకటి తళతళలాడుతోంది.

మందాకినిని చూసి ఆడపిల్ల భయపడి లేవబోయింది. సోమలింగాచారి చేత్తోనే కూర్చోమన్నాడు. చేస్తున్న పని ఆపలేదు. అంచు నున్నగా తీర్చి, కుంకుడునీళ్ళలో కడిగి, కళ్ళకద్దుకుని, పసుపు గుడ్డలో పెట్టి పెద్దావిడ చేతికిచ్చాడు. ఆ కడిగిన నీళ్ళు అలవాటు ప్రకారం కాలవలో పోశాడు. వాళ్ళు వెళ్ళాక మందాకిని ముందుకొచ్చింది.

“ఏంటి ఆచారి గారూ ఇది?”

“పుస్తెలమ్మా.”

“అది నాకు కనబడుతోంది. మీరు సంతకం పెట్టారు. జైల్లో వేస్తారు. నేనే కదా మీకు చదివి వినిపించింది!” ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“అవునమ్మా. నువ్వే చదివావు,” అన్నాడు ఆయన. “ఏం చెయ్యమంటావు చెప్పు. గొలుసులూ గాజులూ జనం షోరూములో కొనుక్కుంటారు, బాగానే ఉంటాయి. పుస్తెలు అలా కాదుగా. మంచిరోజు చూసి ఇంటి బంగారం పట్టుకొచ్చి, ఆ ఇంటి కంసాలి చేత ముట్టించాలి. ఆవిడ పెళ్ళికి పుస్తెలు చేసింది మా నాన్న. మనవరాలికి నేను చెయ్యనని ఎలాగంటాను? మన గేటు కాడికొచ్చి ఏడుస్తన్నారమ్మా.”

“మీ పాత కొట్లో చేయొచ్చు కదా.”

“అద్దెకిచ్చేశాను గదా. అక్కడ కుంపటెక్కడ పెట్టను, ఫోను కవర్ల మీదా?” అని నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. “నిజం చెప్పనా అమ్మా. ఊళ్ళో కంసాలులందర్నీ తెచ్చి ఒక చోట కూర్చోబెట్టారు. కుంపట్లిచ్చారు. బేరమాడేవాళ్ళ గోల పెట్టారు. టీ బంకెట్టారు. దార్న పోయేవాడికి ఇది కంసాలి వీధి కాదని ఎలా తెలుస్తాది? మొదట ముగ్గురొచ్చారు. కాదన్నాను. తర్వాత కాదనలేకపోయాను. చేతులు ఊరుకోవమ్మా. ఏడాదిపాటు లేని దాన్ని కొట్టి కొట్టి, ఒక రోజున నిజంగా మెత్తగా సుత్తి కింద బంగారం తగిలేసరికి నాకు కళ్ళనీళ్ళొచ్చేశాయి.”

“గేటు దాటి లోపలికి ఎలా వచ్చింది?”

“మొదట చేయించుకున్నది మన అప్పలకొండేనమ్మా. వాళ్ళమ్మాయిది శ్రావణమాసంలో పెళ్ళి.”

మందాకిని ఆ కొట్టు గుమ్మంలోనే కూలబడింది. మర్నాడే రాజధాని నుంచి కార్యదర్శి గారు తనిఖీకి వస్తున్నారు. వారం వారం అంకెలతో ఆమె రాసిన నివేదిక ఆయన ముందు పెట్టాలి. ఉందని పెడితే ఈ ముసలాయన జైలుకి. లేదని పెడితే ఇన్నేళ్ళూ తాను చదివిన చదువు కాలవలోకి. ఇద్దరిలో ఎవరో ఒకరు మునగాల్సిందే. ఆనాడు నోట్ చివర ఆ వాక్యం తగిలించిన తన చెయ్యి మీద ఆమెకు మహా కోపం వచ్చింది.

“ఉన్నది ఉన్నట్టు రాయమ్మా,” అన్నాడు సోమలింగాచారి. “నా కోసం నువ్వు అబద్ధం రాశావంటే, రేపు నా చేత్తో పుస్తె ముట్టుకోలేను.”

కార్యదర్శి గారు వచ్చారు. ఉంగరాలు గేటు దగ్గర తీసి ఇచ్చి, వీధంతా తిరిగి, బేరమాడేవాళ్ళ చిత్తశుద్ధిని మెచ్చుకుని, సమావేశంలో కూర్చున్నారు. మందాకిని అంకెల నివేదిక ఆయన ముందుంచింది. ‘ఉంది’ అని కింద సంతకం పెట్టి ఉంది. డైరెక్టర్ గారు అది చూసి నీళ్ళగ్లాసు కోసం తడుముకున్నారు. తలుపు పక్కన వరసగా నిలబెట్టిన కంసాలుల్లో సోమలింగాచారి చేతులు కట్టుకుని ఉన్నాడు.

“ఈ వీధిలో బంగారం ఉండరాదు కదా?” అన్నారు కార్యదర్శి గారు.

“ఉండరాదు సార్. లేదు సార్. అంటే, రాలేదు సార్,” అన్నారు డైరెక్టర్ గారు. “ప్రవేశ నియంత్రణ పటిష్ఠంగా అమలవుతున్నదని ప్రతి నెలా నేనే ధ్రువీకరించి తమకు పంపిస్తున్నాను. తమరు దాన్ని ఆమోదించి పైకి పంపిస్తున్నారు.”

తాను ఆమోదిస్తున్న సంగతి గుర్తు రాగానే కార్యదర్శి గారు కుర్చీలో సర్దుకున్నారు. అప్పలకొండను పిలిపించారు.

“ఆవగింజంత బంగారం లోపలికెళ్ళడం నేను సూళ్ళేదు బాబూ,” అన్నాడు అప్పలకొండ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మెమో ప్రకారమే అడ్డం పెట్టుకున్నాడని డైరెక్టర్ గారు వివరించారు.

“యంత్రం తప్పు చెబుతోందా?”

“లేదు సార్,” అంది మందాకిని.

“అయితే బయట నుంచి వచ్చిందా?”

మందాకిని ఒకసారి తలుపు వైపు చూసింది. ముసలాయన ఆమెను చూడటం లేదు, తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

“నేను కొలిచేది ఎంతుందో సార్. ఎలా వచ్చిందో కొలిచే యంత్రం మన కేంద్రానికి మంజూరు కాలేదు.”

కార్యదర్శి గారు మనసులో లెక్క వేసుకున్నారు. బంగారం వచ్చిందంటే కాపలా మనిషి తప్పు. కాపలా మనిషి తప్పంటే డైరెక్టర్ ధ్రువీకరణ తప్పు. అది తప్పంటే తన ఆమోదం తప్పు, తన ఆమోదం మీద ఇంకా పైన సంతకాలు పెట్టిన వారంతా తప్పు. అంత పైకి వెళ్ళే తప్పు ప్రభుత్వంలో ఉండడానికి వీల్లేదు.

“బయట నుంచి రాలేదు,” అన్నారు నెమ్మదిగా. “కానీ ఉంది.”

“ఉంది సార్,” అన్నారు డైరెక్టర్ గారు.

“అంటే పుట్టింది.”

డైరెక్టర్ గారి చేతిలో నీళ్ళగ్లాసు ఆగిపోయింది. తరువాత ఆయన ముఖం వికసించింది. “పుట్టింది సార్! బంగారం లేని చోట, కేవలం శాస్త్రీయ నిర్వహణ వల్ల!”

“ఈ హెచ్చుతగ్గులేమిటి?”

“ముహూర్తాలను బట్టి సార్,” అంది మందాకిని. ఇదీ నిజమే కనక నదురూ బెదురూ లేకుండా చెప్పింది.

“గ్రహస్థితి ప్రభావం,” అని కార్యదర్శి గారు రాసుకున్నారు. “కమిటీలో ఒక పంచాంగకర్తను చేర్చండి.”

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అందులో మందాకిని నివేదికను పొగిడారు. ‘నిస్సువర్ణ’ తీసేసి వీధికి ‘సువర్ణోద్భవ క్షేత్రం’ అని పేరు పెట్టారు. ప్రతి జిల్లాలోనూ ఇలాంటి వీధి ఒకటి కట్టి, కంసాలులను కూర్చోబెట్టి, బంగారం పుట్టించాలన్నారు. ఇందుకు మందాకిని ప్రత్యేకాధికారి, సోమలింగాచారి ముఖ్య శిక్షకుడు. ఆమెకు ఒక్కసారిగా జిల్లాలన్నీ కళ్ళముందు తిరిగాయి. జిల్లాకో వీధి, జిల్లాకో టీ బంకు, జిల్లాకో ఉమ్మేవాళ్ళ బృందం! కాగితం పట్టుకుని నేరుగా సోమలింగాచారి కొట్టుకి వెళ్ళింది.

“ఏమైనా అర్థముందా ఆచారి గారూ? రాష్ట్రమంతటా పుట్టించమంటున్నారు. ఎక్కడి నుంచి పుడుతుంది?”

ఆయన ఊదుగొట్టం పక్కన పెట్టి, ఉత్తర్వు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు. “అన్ని జిల్లాల్లోనూ కంసాలులున్నారా అమ్మా?”

“ఉన్నారంట. అడిగి తెలుసుకున్నాను. సగం మంది ఆటోలు తోలుకుంటున్నారు. కొందరు షోరూముల ముందు కార్లు పార్కింగ్ చేయిస్తున్నారు.”

“వాళ్ళకి తలా ఒక కుంపటీ, దాకలీ ఇస్తారంటావా?”

“ఇస్తారు. ఉత్తర్వులో ఉంది.”

సోమలింగాచారి ఊదుగొట్టం మళ్ళీ అందుకున్నాడు.

“అయితే పుడుతుందమ్మా,” అన్నాడు.